చెరువు ఒడ్డు ఎక్కడ?

నేను కంబదూరు పక్క పల్లెకు కోడలిగా వచ్చిన కొత్తల్లో మా చెరువు ఎండిపోయి ఉండేది. నీళ్లు లేని చెరువుకు ఒడ్డు ఎక్కడుంటుందన్నది నాకు పెద్ద అనుమానం. మా పుట్టిల్లు చిలమత్తూరులో చెరువులో నీళ్లుండేవి గనుక ఇలాంటి అనుమానం ఎప్పుడూ రాలేదు. ఇక్కడ చెరువు నడుమ చెలమ తవ్వి, ఊరిన నీళ్లు చెంబుతో తోడి కడవ నింపుకొనేవాళ్లం. ఊరంతటికీ తాగేనీళ్లు అవే. కడవ నిండేలోగా పక్కవాళ్లను ఏదో ఒకటి అడుగుతూనే ఉండేదాన్ని. "నీ నోట్లో నువ్వుగింజ నానదే తల్లీ" అనేది మా అత్త. నిజమే, నానేది కాదు.

ఒకరోజు సర్వే ఆఫీసరు వచ్చాడు. కోస్తా మనిషి, ఎండకు జడిసి గొడుగు దించేవాడు కాదు. వెనకాల కొలత గొలుసు, జెండా కర్రలు, బండెడు రాళ్లు. నేను అంతకుముందు ఆ గొలుసు చూసి ఎరగను. కొంగు తలమీదికి లాక్కుని వాళ్ల వెంట నడిచాను. కొంగు ఉంది గనుక మర్యాద తప్పలేదనే నా లెక్క.

"చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయి?" అని అతను మా మామను అడిగాడు. చెరువు సంగతులు ఎవరైనా ఆయన్నే అడిగేవాళ్లు.

మామ చెలమకు కాస్త ఎగువనున్న తుమ్మచెట్టు చూపించాడు. "ఆడికే సారూ. అంతకు మించి యాడొస్తాయి? ఈ సీమలో వాన పడేదెప్పుడు, చెరువు నిండేదెప్పుడు!"

చుట్టూ ఉన్న రైతులు అవునవునన్నారు. మా ఊరి వాడుకే అది. సర్కారు కచేరీ మనిషి నీళ్ల సంగతెత్తితే లేవనే చెప్పాలి. ఉన్నాయంటే నీళ్లు పారే భూమని తరి శిస్తు వేస్తారు, లేవంటే మాఫీ చేస్తారు. తాతల కాలం నుంచి చెప్పీ చెప్పీ నాలుకలు అలా తిరిగిపోయాయి.

ఆఫీసరు తుమ్మచెట్టు దగ్గర రాయి పాతించాడు. నేను ఉండబట్టలేక "రాయెందుకు సారూ?" అని అడిగేశాను. మామ నన్ను కొరికేసేలా చూశాడు. ఆఫీసరు మాత్రం విసుక్కోలేదు. పట్నం షావుకారొకడు తోళ్ల ఫ్యాక్టరీ పెడతానని అర్జీ పెట్టుకున్నాడట. చెరువు ఒడ్డు అందరిదీ కాబట్టి, నీళ్లొచ్చే హద్దుకు దూరంగానే కట్టుకోవాలని సర్కారు నిబంధనట. "మీ హద్దు ఇదే అయితే, ఆ పైనున్న చదునులో కట్టుకోవచ్చు" అన్నాడు.

ఆ చదును మా చేనికి ఆనుకునే ఉంది. అక్కడ చినుకు పడితే నీళ్లు నేరుగా చెలమలోకి దిగుతాయి. తోళ్లు నానిన సున్నపు నీళ్లు మేం తాగాలా అనుకుంటే నాకు భయం వేసింది.

"మన చేన్లో దున్నినప్పుడల్లా నత్తగుల్లలు తగుల్తాండాయి కదా మామా, అవి యాడినుంచి వచ్చినాయి?" అన్నాను.

కొంగలు పడేసుంటాయని మామ ఒక్క మాట అంటే సరిపోయేది. మాకున్నది ఆ ఒక్క చేనే. చెరువు హద్దు అందులోకి వస్తే అది మాది కాకుండా పోతుంది. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు, మామకు తెలుసు.

ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని గట్టెక్కాడు. నన్ను తిట్టడానికి మాటలు వెతుక్కుంటున్నాడనుకున్నాను. చదును దాటి, మా వేరుశనగ చేన్లోకి పోయి, నడిమధ్యన నిలబడ్డాడు.

"ఈడికి సారూ! మా నాయన కాలంలో ఈడ మోకాటి లోతు నిలబడినాయి. కళ్లారా చూసినా. ఇన్నేండ్లూ చెప్పలేదు, అంతే."

రాయి అక్కడికి వస్తే ఫ్యాక్టరీ మా చేను పైనున్న మిట్టకు అవతల, నీళ్లు చెరువులోకి దిగని వైపున కట్టుకోవాల్సిందే. ఆఫీసరు గొలుసు పైకి తెప్పించి, కాగితం తీశాడు.

"ఈ చేను ఎవరిది?"

మామ వంగి, కాలికింద నలిగిన వేరుశనగ మొక్కను సరిచేశాడు.

"చెరువుది. రాసుకో సారూ" అన్నాడు.