అడుగున అరగదీసిన చోటు

ఆఫీసులో అందరూ ఆవిడని మట్టిముద్ద మేడమ్ అంటారు. ఎదురుగా కాదులెండి, వెనకాల. ఇండస్ట్రియల్ డిజైనర్ అంటే ఏమిటని అడిగితే ఆవిడ బంధువుల్లో సగం మంది ఫ్యాక్టరీలకి ప్లాన్లు గీస్తుందంటారు, తక్కిన సగం ఇళ్ళకి కర్టెన్లు ఎంచిపెడుతుందంటారు. నిజానికి ఆవిడ పని మనం రోజూ చేత్తో పట్టుకునే వస్తువులకి ఆకారం ఇవ్వడం. కుక్కర్ పిడి, బకెట్ కాడ, మిక్సీ మూత, ముసలివాళ్ళ చేతికర్ర. ఏది మొదలుపెట్టినా ముందు ఎవరో ఒకరి చేతిలో తడిమట్టి ముద్ద పెట్టి పిడికిలి బిగించమంటుంది.

"నొప్పి పుట్టేదాకా కాదు, నొప్పి పుట్టకముందు దాకా నొక్కండి," అంటుంది.

ఆ ఒక్క మాట మీదే ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పేరు నిలబడి ఉంది. కొత్తగా చేరిన పిల్లలు దాన్ని నోటుపుస్తకాల్లో రాసుకుంటారు. వాళ్ళు రాసుకుంటున్నంతసేపూ ఆవిడ కిటికీ వైపు తిరిగి నిలబడుతుంది. వాళ్ళు దాన్ని వినయం అనుకుంటారు. వినయమూ లేదు, గినయమూ లేదు. ఆ మాట ఆవిడది కాదు, అంతే.

అది వాళ్ళ నాన్న మాట. ఆయన ఓ ఫ్యాక్టరీలో ఫిట్టర్. అమ్మకి నలభై దాటకుండానే వేళ్ళ కీళ్ళు వాచి వంకర తిరిగిపోతే, పెరట్లో బిగుసుకుపోయిన కుళాయి తిప్పడం ఆమె వల్ల అయ్యేది కాదు. ఒక ఆదివారం నాన్న ఆమె గుప్పిట్లో మట్టిముద్ద పెట్టి ఆ మాట అన్నాడు. ఆ అచ్చు చూసుకుంటూ గట్టి చెక్కతో పిడి చెక్కాడు. బొటనవేలికి గాడి తీశాడు. చివర కుళాయి తలకి సరిగ్గా పట్టేలా ఇత్తడి రేకు తొడుగు వేశాడు. అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్న పదిహేడేళ్ళ కూతురు అదంతా చూసింది.

చివర్లో నాన్న తొడుగు అడుగున పంచ్ మొన ఆనించి సుత్తితో మూడు చుక్కలు కొట్టాడు. వాళ్ళ ఫ్యాక్టరీలో ఫిట్టర్లకి అదో అలవాటు. పనిముట్లు కలిసిపోకుండా ఎవరి గుర్తు వాళ్ళు కొట్టుకుంటారు. ఒకాయనది అడ్డగీత, ఇంకొకాయనది చంద్రవంక, నాన్నది మూడు చుక్కలు. ఆయన అక్కడితో ఆగితేనా. అట్లకాడ మీదా మూడు చుక్కలే, తలుపు గడియ మీదా మూడు చుక్కలే. ఆ ఇంట్లో భార్యాకూతుళ్ళ మీద తప్ప అన్నిటి మీదా చుక్కలున్నాయని పక్కింటివాళ్ళు నవ్వేవాళ్ళు.

మరుసటేడు డిజైన్ కాలేజీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. స్వయంగా చేసిన వస్తువు ఒకటి తీసుకురావాలని ఉత్తరంలో రాశారు. పిల్ల రెండు నెలలు కష్టపడి అట్టతో, తీగతో టేబుల్ లైటు చేసింది. వెలిగిస్తే బాగానే వెలిగింది గానీ, కాస్త వేడెక్కేసరికి మెడ వాల్చేసి బల్లకి దణ్ణం పెట్టేది. ఎన్నిసార్లు కట్టినా అదే వరస. ఇంకా రెండు రోజులే ఉందనగా, పెరట్లో మేకుకి వేలాడుతున్న పిడి మీద ఆమె కన్ను పడింది.

నాన్న ఫ్యాక్టరీకి వెళ్ళాడు. అమ్మ మధ్యాహ్నం కునుకు తీస్తోంది. నాన్న పనిముట్ల పెట్టెలోంచే ఆకురాయి తీసి, నాన్న చేసిన పిడి మీద నాన్న కొట్టిన చుక్కల్ని అరగదీసింది. ఇత్తడి పొడి కాగితం మీద పడింది. దాన్ని మడిచి చెత్తబుట్ట అడుగుకి తోసింది. చేసేది తప్పని తెలియక కాదు. తెలియని మనిషి పొడి దాచదు.

ఇంటర్వ్యూలో బట్టతల మాస్టారు పిడిని అటూ ఇటూ తిప్పి, ఈ గాడి ఇక్కడే ఎందుకుందని అడిగాడు. ఆమె మట్టిముద్ద గురించి చెప్పింది, నొప్పి గురించి చెప్పింది, అమ్మ వేళ్ళ గురించి చెప్పింది. పొల్లుపోకుండా అంతా నిజమే చెప్పింది. 'మా నాన్న' అనాల్సిన చోటల్లా 'నేను' అంది. మాస్టారు ముచ్చటపడిపోయాడు.

ఆ ఊరికి వెళ్ళి రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ నీళ్ళొచ్చే వేళకి నాన్న ఎండలో సైకిల్ తొక్కుకుంటూ ఇంటికొచ్చి, కుళాయి తిప్పి, బకెట్లు నింపి మళ్ళీ పనికి పోయాడట. ఒక్కసారి చూపించి తెస్తానని ఆమె అమ్మని అడిగే పట్టుకెళ్ళింది. వచ్చాక దాన్ని మేకుకి తగిలించింది. నాన్న తీసి, బొటనవేలితో అడుగున ఓసారి రాసి చూసి, మళ్ళీ తగిలించాడు.

"సీటు వచ్చేలాగే ఉందటగా. మంచిది," అన్నాడు.

సీటు వచ్చింది. చదువైంది, ఉద్యోగమైంది. అదే పిడిని ప్లాస్టిక్‌లో చేసి కంపెనీ దుకాణాలన్నిటికీ పంపింది. పెట్టె మీద డిజైనర్‌గా ఆవిడ పేరుంది. ఒకటి ఇంటికి తీసుకెళ్ళి ఇస్తే అమ్మ మురిసిపోయి బీరువాలో దాచుకుంది. కుళాయి మాత్రం పాతదాంతోనే తిప్పుకుంది. నాన్న కొత్తదాన్ని పట్టుకు చూసి, "గాడి లోతు తగ్గించినట్టున్నావే. వేలు జారుతుంది," అన్నాడు. అప్పటినుంచి ఆవిడకి నాన్న ఎదుట పని మాట ఎత్తాలంటే ముఖం చెల్లేది కాదు. పుట్టింటికి వెళ్తే పెరట్లోకే పోయేది కాదు.

ఇదిగో, కిందటి నెల వచ్చిపడింది అసలు తంటా. కంపెనీ పాతికేళ్ళ పండగ సందర్భంగా డిజైనర్లు చేసిన తొలి వస్తువులన్నీ ప్రదర్శనకి పెడతామన్నారు. ప్రచార విభాగంలో పనిచేసే అమ్మాయి ఫోన్ చేసింది.

"మేడమ్, మీ కుళాయి పిడి మొట్టమొదటిది ఇంకా ఉందట కదా. అదే మధ్యలో పెడదాం. కార్డు మీద ఏం రాయాలో కూడా చెప్పండి. చేసింది ఎవరు, ఎప్పుడు, అంతే."

చేసింది ఎవరు. సోమవారం రాసి పంపుతానని చెప్పి ఆవిడ ఫోన్ పెట్టేసింది.

ఆదివారం పుట్టింటికి వెళ్ళింది. అమ్మ పిడి అందించి, "నాలుగు రోజుల్లో తెచ్చెయ్యమ్మా, అది లేకపోతే నాకు చెయ్యి లేనట్టే," అంది. నాన్న పెరటి గట్టు మీద కూర్చుని చెప్పుకి మేకు కొట్టుకుంటున్నాడు. ఆయనకి డెబ్బై నాలుగు. ఆవిడ పక్కన కూర్చుంది. చాలాసేపు ఆ మేకునే చూసింది.

"నాన్నా, ఇది నేనే చేశానని చెప్పాను. ఇంటర్వ్యూలో. ఆ తర్వాత అందరికీ."

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"నువ్వు మేకుకి తగిలించిన రోజునుంచి. ఫిట్టర్ని కదమ్మా. ఆకురాయి ఒకవైపుకే తోయాలి. నువ్వు ఇటూ అటూ గీకేశావు."

"మరి అడగలేదేం?"

నాన్న చెప్పు పక్కన పెట్టాడు. "అడిగితే చదువు మానేసి ఇంట్లో కూర్చుంటావని భయపడ్డాను. నీ అంతట నువ్వే చెబుతావులే అనుకున్నాను." సుత్తి కూడా కింద పెట్టి, "ఇంత ఆలస్యం చేస్తావనుకోలేదు," అన్నాడు.

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది. నలభై దాటిన మనిషి, కింద పదిమందికి పని చెప్పే మనిషి, నాన్న మోకాలి వైపు చూస్తూ చెంగుతో ముక్కు తుడుచుకుంది. వంటింటి గుమ్మంలో అమ్మ ఏ ఆశ్చర్యమూ లేకుండా నిలబడి ఉంది. కూతురు అందరికీ చెప్పిన అబద్ధం ఆమెకీ తెలుసని అప్పుడే అర్థమైంది. తెలిసే బీరువాలో దాచుకుంది ఆ ప్లాస్టిక్‌దాన్ని.

"నీ పంచ్ ఉందా?" అంది ఆవిడ. "మూడు చుక్కలూ మళ్ళీ కొట్టు నాన్నా. ప్రదర్శనలో అందరూ చూస్తారు."

నాన్న పిడిని వెలుగులోకి పట్టుకుని తొడుగు అడుగున గోటితో మెల్లగా నొక్కాడు. ఆయన ముఖంలో కోపం లేదు. పాడైపోయిన సామానుని చూసే పనివాడి చూపే ఉంది.

"కుదరదమ్మా. రేకు బాగా పలచబడిపోయింది. నువ్వు ఎక్కువ తీసేశావు. ఇప్పుడు పంచ్ పెడితే చిరిగిపోతుంది," అన్నాడు. "ఉండనీ. కుళాయికి బాగానే పడుతోందిగా."

సోమవారం పొద్దున్నే ఆవిడ కార్డు రాసి పంపింది. పది నిమిషాల్లో ప్రచార విభాగం అమ్మాయి ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"మేడమ్, ఇందులో 'చేసింది మా నాన్న, అడుగున ఆయన గుర్తు అరగదీసింది నేను' అనుంది. పొరపాటున రాశారేమో అని. మన సంస్థ చరిత్ర పుస్తకంలో మీరే చేశారని ఉంది కదా. అరగదీయడం అంటే ఫినిషింగ్ చేశారని రాసెయ్యనా? చదవడానికి బాగుంటుంది."

మట్టిముద్ద మేడమ్ ఎదుట బల్ల మీద పిడి బోర్లా పడి ఉంది. గీకిన చోట గీతలు ఇటూ అటూ ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

"వద్దమ్మా," అంది. "ఎలా ఉందో అలాగే రాయి. దాన్ని అద్దాల పెట్టెలో బోర్లించి పెట్టండి, ఆ చోటు పైకి కనపడేలా. నాలుగో రోజుకి నాకు తిరిగి ఇచ్చెయ్యాలి. మా అమ్మకి కుళాయి తిప్పుకోవడానికి కావాలి."