ధూపం పై అంతస్తులో తేలింది

ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ అయి ఏడాది. విశాఖలో ట్యూషన్లు చెప్పి చెప్పి విసుగెత్తిన నాకు కోల్‌కతా నుంచి అప్పన్న బాబాయి ఫోన్ చేశాడు. సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ కంపెనీ ఖాళీ చేసిన రెండో అంతస్తును ల్యాబొరేటరీగా మారుస్తున్నారట, గాలి గొట్టాల పని తనదేనట. "విశ్వకర్మ పూజకి ఇంటోళ్లని లోపలికి రానిస్తారు. వొచ్చి సూడు, నీ సదువుకి అక్కడేదైనా దొరుకుద్దేమో" అన్నాడు. మర్నాడే రైలెక్కాను.

పూజ రోజు ఏక్‌బాల్‌పూర్‌లోని బాబాయి ఇంటి నుంచి ఖిదిర్‌పూర్ దాకా నడిచి, ఎనిమిదింటికి ట్రామెక్కాం. నాలుగు రూపాయల టిక్కెట్టుతో మైదానం పచ్చికంతా చూస్తూ ఎస్ప్లనేడ్ చేరాం. అక్కడి నుంచి సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌కి బస్సులో గంటకు పైనే, ఎనిమిది రూపాయలు. విశ్వకర్మ పూజకి అక్కడ గాలిపటాలెగరేస్తారు, దారి పొడవునా డాబాల మీద అవే. బాబాయి గార్డెన్ రీచ్‌లో ఇరవై ఏళ్లు ఓడలకు గొట్టాలు బిగించాడు. భవనంలో పని ఇదే మొదలు. "ఓడకీ మేడకీ ఏటి తేడా? గొట్టం గొట్టమే" అన్నాడు ధీమాగా.

పదిన్నరకి చేరాం. కార్పెట్ పీకేసి నునుపైన తెల్ల నేల వేశారు. ఒక గోడ మీద పాత ఉద్యోగుల పేర్ల స్టిక్కర్లు ఇంకా పోలేదు. నల్లరాతి బల్లలు చూస్తే, మా కాలేజీ ల్యాబు గుర్తొచ్చి సిగ్గేసింది. మధ్యలో అద్దం తలుపున్న ఫ్యూమ్ హుడ్, అంటే ఆమ్లాలు కాచినప్పుడు వచ్చే ఆవిరిని ఫ్యానుతో లాగి గొట్టంలోంచి బయటికి తోసేసే గూడు. పక్కనే ఏనుగు మీద విశ్వకర్మ. కొత్త సీలింగు మసిబారుతుందని ఎవరో ధూపం మూకుడును ఆ గూట్లోనే పెట్టి ఫ్యాను వేశారు. గదిలోకి ఒక్క పోగు పొగ రాలేదు. బాబాయి నా వైపు గర్వంగా చూశాడు.

ఐదు నిమిషాల్లో పై అంతస్తు ఆఫీసులోంచి ఒకమ్మాయి ముక్కుకు దుపట్టా అడ్డం పెట్టుకుని దిగివచ్చింది. "ఏం దాదా, పూజ మీది, పొగ మాదా? ఏసీలోంచి ధూపం కొడుతోంది" అంది. అందరూ నవ్వారు. సోమవారం నుంచి ఆ గూట్లో నైట్రిక్ ఆమ్లం కాస్తారు.

బాబాయి బల్లెక్కి సీలింగు పలక పక్కకి జరిపి చూశాడు. సీలింగు పైనున్న పాత గాలి దారి డాబా మీదికి పోతుందనుకుని తన గొట్టాన్ని దానికి కలిపాడు. "ఓడలో పైకెల్లే దారేదైనా డెక్కు మీదే తేల్తాది. ఇది ఆళ్ల ఏసీలోకి పోతాదని నాకేటి తెలుసమ్మీ" అన్నాడు.

సూపర్‌వైజర్ ఘోష్ బాబు ప్రసాదం ఖిచిడీ ఆకు పట్టుకునే వచ్చాడు. "అప్పన్న దాదా, రోజూ ధూపం వేస్తామా ఏమిటి? సోమవారం ప్రారంభం. సీలింగు పలక మూసెయ్, తర్వాత చూద్దాం" అన్నాడు, ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా.

"బాబాయ్, ఆ ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోతే..." అన్నాను.

"తెల్సమ్మీ. పైనుంచి దిగొచ్చిన ఆ ఆడగుంట కళ్లు ఎర్రబడ్డం సూసాను."

పూజ రోజు ఎవరూ పనిముట్టు పట్టరు. బొట్టు పెట్టినవి మర్నాటి దాకా దేవుడి ముందే ఉండాలి. బాబాయి వెళ్లి అక్కడి రేకు కత్తెర తీశాడు. "ఈ రోజు వద్దు దాదా" అని ఎవరో చెయ్యి పట్టుకోబోయారు. విడిపించుకుని నిచ్చెనెక్కి, తాను బిగించిన గొట్టాన్ని తానే అడ్డంగా కోసేశాడు. వేళ్ల నిండా సిందూరం. కిందికి దిగి, "ఇప్పుడు కాయండి బాబూ. పొగ మన మొగాన్నే కొడతాది" అన్నాడు బెంగాలీలో.

సోమవారం ల్యాబు తెరుచుకోలేదు. బాబాయిని మళ్లీ పనికి పిలవనూ లేదు. నేను అక్కడ దరఖాస్తు పెట్టలేదు. ఒక్క పలక మూస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఇంత చదివిన నేను బల్లల నునుపు చూసి మురిశానే తప్ప, ఆ గాలి ఎక్కడికి పోతోందని అడగలేదు. ఆఫీసుల్లో వెలిసిన ఇలాంటి ల్యాబులు చూడటానికో, చేరడానికో మీరూ వెళ్తుంటే విశ్వకర్మ పూజ రోజు పదకొండు లోపు వెళ్లండి, గేటు దగ్గర ఎవరూ ఆపరు. లోపలంతా చూశాక డాబా తాళం అడిగి పైకెక్కండి. అక్కడ గొట్టం మూతి కనబడితేనే కిందికి దిగి ఉద్యోగం గురించి మాట్లాడండి.