కుడివైపు ఒక్క సంచి

దేవసహాయం అన్న బండి స్టార్ట్ చేయగానే కదిలించడు. కిక్కు కొడతాడు, గేరులో వేస్తాడు, తల కాస్త వంచి ఒక్క క్షణం ఆగుతాడు. వెనక ఎవరూ ఉండరు. అప్పుడు కదులుతాడు. పద్మారావు నగర్‌లో నా టైలరింగ్ షాపు ముందు ఈ తంతు ఏడాదిగా చూస్తున్నాను. మొదట్లో జాలేసేది. తర్వాత్తర్వాత, నిజం చెప్పొద్దూ, చిరాకు కూడా వచ్చేది.

ఆయన కుట్టుమిషన్ల మెకానిక్కు. ఇల్లు నేరేడ్‌మెట్‌లో. సికింద్రాబాద్‌లో మిషను మొరాయించిన ప్రతి ఇంటికీ ఆ పాత స్ప్లెండర్ మీద వచ్చేవాడు, వెనక ఆయన భార్య ఎలీసబెతు వదిన. ఆ రోజుల్లో ఆమె లేకుండా ఆయన పనికి రావడం నేనెన్నడూ చూడలేదు. ఎడమవైపుకు కాళ్లు వేసి పక్కకు కూర్చునేది. పనిముట్ల సంచి ఆమె ఒడిలో ఉండేది. అందులో అంతా ఇనుమే, ఒక్కోసారి మోటరు కూడా. అన్న మిషను విప్పి బాగుచేస్తే, వదిన సూదిలో దారం ఎక్కించి, నన్నో గుడ్డపీలిక అడిగి కుట్టి చూసేది. ఆమె మూతి విరిచిందంటే ఆయన మళ్లీ విప్పాల్సిందే.

"మీ అన్నకు చెవులు లేవు రుఖియా. మిషన్ సప్పుడు నేనే ఇనాలె" అని ఆయన ముందే అనేది. ఆయన నవ్వేవాడు.

పోయేటప్పుడు ఎక్కి, చీర సర్దుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని ఆయన భుజం మీద తట్టేది. ఆమె తడితేనే బండి కదిలేది. మా ఆయన సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. నేనెక్కానో లేదో చూడకుండానే రయ్యిమని పోతాడు. ఒకసారి బజార్లో నన్ను వదిలేసి ఇంటిదాకా వెళ్లిపోయాడు కూడా. అందుకే ఆ ఇద్దరూ వెళ్తుంటే కత్తెర పక్కన పెట్టి చూసేదాన్ని.

పోయినేడు వానల్లో వదినకు జ్వరం వచ్చింది. ఆస్పత్రికి వెళ్లిన మనిషి మళ్లీ ఇంటికి రాలేదు.

అప్పటినుంచి సంచి అన్న భుజానికెక్కింది. ఆ బరువుకు మెడ పట్టేసింది, ఆ తర్వాత కుడిచెయ్యి తిమ్మిరెక్కడం మొదలైంది. ఒకరోజు నా షాపులోనే మిషను విప్పుతుంటే స్క్రూడ్రైవర్ చేతిలోంచి జారి పడింది. ఆయన దాన్ని తీసుకోలేదు. తన వేళ్లను ఎవరివో అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు. భుజం మీద బరువు మానకపోతే ఆ చెయ్యి ఇక పనికి రాదని డాక్టరు తేల్చి చెప్పాడట. మెకానిక్కుకు చెయ్యి పోతే ఇంకేం మిగులుతుంది? ఆయనకు చూస్తే వేరే పనీ రాదు, వేరే ధ్యాసా లేదు.

"సంచి వెనక సీటు మీద కట్టుకో అన్నా" అన్నాను.

"అది సీటు రుఖియమ్మా."

"సీటేనని నాకూ తెలుసు."

"మనిషి కూసునే కాడ సామాన్ ఎట్ల పెడత?"

ఈ ఊళ్లో వెనక సీట్ల మీద గ్యాస్ సిలిండర్లు పోతాయి, మేకలు పోతాయి, అద్దాల బీరువాలు కూడా పోతాయి. ఈయనకు మాత్రం ఒక సంచి పెట్టడానికి చేతులు రావు. నాకు ఒళ్లు మండింది. మర్నాడే షాపుకు తాళం వేసి, ఆయన్ను కార్ఖానా ఏరియాలో బండ్లకు లగేజీ బ్యాగులు కట్టే జానీ దగ్గరికి రమ్మన్నాను. ఆయన బండి మీద వచ్చాడు. నేను ఆటోలో వెళ్లాను, ఎందుకంటే వదిన పోయాక ఆ బండి మీద ఆయన ఎవర్నీ ఎక్కించుకోలేదు.

జానీ దుకాణం నిండా రకరకాల బ్యాగులు వేలాడుతున్నాయి. లడాఖ్ పోయే కుర్రకారుకు కట్టే బ్యాగులవి. జానీ ముందు జంట బ్యాగులు తెచ్చాడు. సీటు మీదుగా అటొకటి ఇటొకటి వేలాడతాయి.

"గివి మస్తుగుంటయి అన్నా. సమానంగ బరువేసుకోవచ్చు. కుడి దిక్కు సైలెన్సర్‌కు తగలకుండ రేకు ఏస్త. ఎడమ దిక్కు గా సారీ గార్డ్, లేడీస్ ఫుట్‌రెస్ట్ పీకేస్తే సరిపాయె" అన్నాడు జానీ.

సారీ గార్డంటే చీరకొంగు చక్రంలో పడకుండా ఉండే కడ్డీల చట్రం. అన్న దాని మీద చెయ్యి వేశాడు.

"దీన్ని ముట్టుకోకు."

"ఎవరైనా కూసుంటరా అన్నా దీని మీద?"

అన్న దాని మీంచి చెయ్యి తియ్యలేదు. జానీ వెనక సీటు మీద కట్టే బ్యాగు తీశాడు. దానికీ అన్న తల అడ్డంగా ఊపాడు. చివరికి పెట్రోలు ట్యాంకు మీద పెట్టేది చూపిస్తే మొహం వెలిగింది. ఇనుమంతా అందులో వేసుకుని గల్లీలో ఒక చుట్టు తిరిగొచ్చాడు. మలుపు దగ్గర హ్యాండిల్ తిరగక గోడకు కొట్టుకోబోయాడు. అది ఫోనూ నీళ్ల సీసా పెట్టుకునే బ్యాగని, ఇంత బరువుకు కాదని జానీ దాన్ని లాగేసుకున్నాడు.

నేనిక ఆగలేకపోయాను. "చెయ్యి పోతుంటే గీ పంతమేందన్నా? వదిన లేదు! ఎవరున్నరు గా సీటు మీద?"

ఆ మాట నోరు దాటాక నాలుక కరుచుకున్నాను. అన్నకు కోపం రాలేదు. పనిముట్లను తన పాత సంచిలోకి మార్చుకుని భుజానికి వేసుకున్నాడు.

"ఎక్కు. పద్మారావు నగర్ల దింపుత" అన్నాడు.

ఎడమవైపుకు కాళ్లు వేసి కూర్చున్నాను. బండి స్టార్టయింది, కదల్లేదు. ఆయన తల వంచి ఉన్నాడు. ఆ భుజం మీద తట్టడానికి నాకు ధైర్యం చాల్లేదు. "పోనీ అన్నా" అన్నాను.

దారి పొడుగునా ఏదో చెబుతూనే ఉన్నాడు. "గుంత ఉన్నది... పట్టుకో. బస్సొస్తున్నది, కాళ్లు దగ్గరకు." మొదట నాతోనే అనుకుని ఊఁ కొట్టాను. తర్వాత తెలిసింది. నాకు వినిపించేలా చెప్పడం లేదాయన. భుజానికి ఆనుకున్న చెవికి చెప్పేంత మెల్లగా చెబుతున్నాడు. పట్టపగలు, ఎండ మండుతోంది, చుట్టూ ట్రాఫిక్కు. అయినా దిగిపోతే బాగుండుననిపించింది.

జూబ్లీ బస్టాండు దగ్గర పెట్రోలు బంకులోకి తిప్పాడు. ఆడవాళ్లందరూ చేసినట్టే నేను దిగి, ముందుకు నడిచి, బయటికి పోయే దారి దగ్గర గాలి కొట్టే చోట నీడన నిలబడ్డాను. పెట్రోలు పోయించుకుని అన్న వచ్చాడు. నా దాకా రాలేదు. కొంచెం అవతలే, ఎవరూ లేని స్తంభం పక్కన ఆపాడు. తల వంచాడు. నేను గబగబా అటు నడిచాను.

అప్పుడు బండి వెనకభాగం కొద్దిగా కుంగింది. నా కళ్ల భ్రమే అనుకోండి, నేను వాదించను. అన్న తల ఊపాడు, మొహం ఎడమకు తిప్పి ఏదో అన్నాడు, కదిలిపోయాడు. నేను చెయ్యెత్తి అరిచాను. నా పక్కనుంచే వెళ్లాడు, చూడలేదు. ఆయన మొహాన వదిన ఉన్నప్పటి నవ్వు ఉంది.

తెలిసిన దువాలన్నీ చదువుకుంటూ అక్కడే నిలబడ్డాను. భయమొక్కటే కాదు. మా ఆయన గుర్తొచ్చాడు. ఏ బంకు దగ్గరా నాకోసం ఎవరూ ఇలా తల వంచుకుని ఆగరు కదా అని ఏడుపొచ్చింది.

కాసేపటికి అన్న తిరిగొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"నువ్వు నడుమల దిగినవా రుఖియమ్మా?"

"నేను ఎక్కనేలేదన్నా."

"మరి భుజం తట్టింది..."

"నేను కాదు."

ఆయన హ్యాండిల్ పట్టుకుని వెనక్కి తిరిగి సీటు చూశాడు. "సిగ్నల్ దాంక బరువు ఉండె. నువ్వే అనుకోని మాట్లాడిన. తిరిగి చూసేసరికి ఎవ్వరు లేరు. ఇన్ని దినాలు ఎదురుచూసిన, ఒక్కసారి సుత రాలే. ఇయ్యాల నువ్వు కూసున్నవని వచ్చినట్టుంది. జెర కోపిష్టిది గద." అంటూనే నవ్వాడు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి కుడిచెయ్యి లేవలేదు, ఎడమచెయ్యి ఎత్తాడు. అది చూశాక నేనొక నిశ్చయానికి వచ్చాను.

"జానీ కాడికి పోదాం పా" అన్నాను.

మళ్లీ ఆ బండి మీద కూర్చోవడానికి నాకు కాళ్లు రాలేదు. ఆయనా రమ్మనలేదు. ఆయన బండి తోసుకుంటూ, నేను పక్కన నడుస్తూ కార్ఖానాకు తిరిగి వచ్చాం. సంచి ఆయన భుజం మీంచి లాక్కుని నేనే మోశాను. వదిన ఇన్నేళ్లు ఒళ్లో పెట్టుకున్న బరువెంతో అప్పుడు తెలిసింది.

"ఒక్కటే బ్యాగ్, కుడి దిక్కుకు కట్టు. ఎడమ దిక్కు ఏం ముట్టకు" అన్నాను జానీతో.

జానీ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఒక్క దిక్కే గింత ఇనుము ఏస్తే బండి గుంజుతదక్కా. అన్న కింద పడతడు. నాకు పాపం తగుల్తది."

అన్న నావైపు చూశాడు. నేను మళ్లీ అరుస్తానని భయపడుతున్నాడని అర్థమైంది.

"గుంజదు జానీ భాయ్. ఎడమ దిక్కు బరువున్నది. నువ్వు కట్టు" అన్నాను.

జానీ ఖాళీ సీటు చూశాడు, మా ఇద్దరి మొహాలు చూశాడు. కుడివైపు కూర్చుని రేకు బిగించి, బ్యాగు కట్టి, పనిముట్లన్నీ తానే అందులో సర్దాడు. అన్న వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాడు. జానీ వంగి చక్రాల వంక చూస్తూనే ఉన్నాడు. బండి ఏ పక్కకూ ఒరగలేదు.

అన్న నా ముందు ఆపాడు. భుజం ఖాళీగా ఉంది, మెడ నిటారుగా ఉంది. మర్యాద మనిషి కదా, "రా రుఖియమ్మా, దింపుత" అన్నాడు.

"జాగ ఏడున్నదన్నా?" అన్నాను.

ఆయన కాదనలేదు. నేను ఆటో కోసం రోడ్డు దాటాను.