నా గొంతుతో చెప్పిన మనిషి

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. మా ఇంట్లో ఉదయం, సాయంత్రం ప్రార్థన ఉండేది గానీ, దయ్యాల మాట ఎత్తితే నాన్న ఊరుకునేవారు కాదు. తరువాత ఇంజనీరింగ్ చదివి, యంత్రాల్లో లోపాలు వెతికే ఉద్యోగంలో పడ్డాను. ప్రతి లోపానికీ కారణం ఉంటుందని నేర్పే పని అది. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. ఇంకో కారణం కూడా ఉంది. ఇందులో నేను చేసిన పని తలుచుకుంటే నాకు సిగ్గు.

అది కరోనా మొదటి ఏడాది. తూర్పు జర్మనీలోని కెమ్నిట్జ్ నుంచి బస్సులో గంట వెళితే ఒక పల్లె, ఊరి మధ్యలో పాత జమీందారీ భవంతి. పక్కనే ఉన్న గుర్రపుశాలను గదులుగా మార్చి అద్దెకిచ్చారు. అందులో మేడమీద గది నాది. భవంతి యజమానురాలు ఫ్రౌ, అంటే శ్రీమతి, ఫాన్ హార్లిట్స్. ఎనభై రెండేళ్లు. ఒంటరిగా ఉండేవారు.

మూడు వందల ఏళ్లకు పైగా ఆ ఇల్లు వాళ్ల కుటుంబానిదే. రెండో యుద్ధం ముగిశాక కొత్త ప్రభుత్వం పెద్ద భూస్వాముల ఆస్తులన్నీ తీసేసుకుంది. అప్పుడు ఆమెకు ఏడేళ్లు. తల్లి చెయ్యి పట్టుకుని, ఒక్క చేతిసంచితో గేటు దాటారట. భవంతిని కొన్నాళ్లు ధాన్యం కొట్టుగా, తరువాత బడిగా వాడారు. రెండు జర్మనీలు ఒకటయ్యాక ఆమె పడమటి నుంచి తిరిగొచ్చి, పుట్టిన ఇంటినే డబ్బిచ్చి కొనుక్కున్నారు. అప్పటికి పైకప్పు కారుతోంది, నేలచెక్కలు ఊడిపోయాయి. ముప్పై ఏళ్లపాటు ఒక్కో గదీ బాగుచేసుకుంటూ వచ్చారు. కిటికీలకు రంగు స్వయంగా వేసేవారు. ఇల్లు లాక్కున్నవాళ్లను ఒక్క మాట అనగా నేను వినలేదు. "బడి పెట్టారు కాబట్టే గోడలు నిలిచాయి" అనేవారు. ఆ మనిషంటే నాకు అప్పుడూ ఇప్పుడూ గౌరవమే.

వాళ్ల కుటుంబ చరిత్ర చేత్తో రాసిన లావుపాటి పుస్తకం. దాన్ని స్కాన్ చేసి పెట్టమని అడిగారు. గురువారాలు వెళ్లేవాణ్ణి. నీలం గోడల గదిలో కూర్చుని పాత అక్షరాలను ఆమె నాకు చదివి చెప్పేవారు. ఒక పేజీ బాగా గుర్తుంది. రెండు వందల ఏళ్ల క్రితం సైన్యాల వెంట విషజ్వరం వచ్చింది. ఊళ్లో మొదట మంచాన పడింది యజమాని కూతురు. మర్నాడు భవంతి ఆవరణలో సంత. ఆయన నోరు మెదపకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఆయన దాచలేదు. తనకూ ఒళ్లు కాలిపోతుండడంతో నౌకరును పంపి, తాను చెప్పినట్టే చెప్పమన్నాడు. ఆ నౌకరు ప్రతి ఇంటి ముందూ దూరంగా నిలబడి, "నా ఇంట్లో జ్వరం ఉంది, నా గడప తొక్కవద్దు" అని యజమాని మాటగానే కేక వేశాడట. కూతురు దక్కలేదు, ఊరు దక్కింది.

"మావాళ్లు మహాత్ములేం కాదు. కోపిష్టివాళ్లు, పేకాట పిచ్చోళ్లు" అని నవ్వారామె. "కానీ ఇంట్లో చెడు జరిగితే ముందుగా మేమే బయటికి చెప్పాలి. ఆ ఒక్కటీ ఎవరూ తప్పలేదు."

డిసెంబరులో ఆంక్షలు గట్టిగా ఉన్నాయి. కెమ్నిట్జ్‌లో ఉండే ప్రకాష్ ఆదివారం బిర్యానీకి పిలిచాడు. కాకినాడవాడు, నాకంటే పదేళ్లు చిన్న.

"వద్దురా, రూల్స్ ఉన్నాయి కదా."

"ఏంటన్నా, మరీ జర్మనోడివైపోయావు! కిటికీలు తీసే ఉంచుతాను, కరోనా ఇటొచ్చి అటే పోద్ది. నువ్వు రాకపోతే నీ ముక్కలు కూడా నేనే లాగించేస్తా మరి."

వెళ్లాను. ఎనిమిది మందిమి. క్రిస్మస్ పాటలు పాడుకున్నాం. చాలా నెలల తరువాత కడుపునిండా తిని, కడుపుబ్బ నవ్వాను.

ఆ గురువారం నీలం గదిలో గంటన్నర కూర్చున్నాను. చలిగా ఉందని కిటికీలు మూసే ఉన్నాయి. మాస్కు తీసి కాఫీ తాగాను, ప్లమ్ కేకు తిన్నాను. గొంతులో గరగర ఉంది. చలివల్లే అనుకున్నాను. అలా అనుకుంటే కాఫీ మానేయనక్కర్లేదు కదా.

శుక్రవారం జ్వరం వచ్చింది. సోమవారం ఉదయం పాజిటివ్ అని తేలింది. ప్రకాష్ ఫోన్ చేశాడు. "అన్నా, నీకు దండం పెడతా, మా పేర్లు చెప్పమాక. జనవరిలో వీసా అపాయింట్‌మెంట్ ఉంది నాకు."

పది గంటలకు గెసుంట్‌హైట్స్‌ఆమ్ట్, అంటే ఆరోగ్యశాఖ ఆఫీసు నుంచి ఒకావిడ మాట్లాడింది. ఈమధ్య ఎవరెవరిని కలిశారని అడిగింది. ప్రకాష్ వీసాను నేను సాకుగా చెప్పుకోను. ఫ్రౌ ఫాన్ హార్లిట్స్ పేరు చెప్పడానికి ఆ వీసా అడ్డం కాదు. చెబితే, రోగం ఎక్కణ్ణుంచి తెచ్చానో ఆమెకు తెలుస్తుంది. ముసలావిడ ఇంట్లోకి జబ్బు మోసుకొచ్చిన పరాయివాడని ఊరంతా చూస్తుంది. నా భయం అది.

"ఎవరినీ కలవలేదు" అన్నాను.

"ఎవరినీ?"

"ఎవరినీ."

మళ్లీ చేస్తుందేమోనని ఫోన్ స్విచ్చాఫ్ చేసి డ్రాయరులో పడేశాను. మంచం మీంచి చూస్తే భవంతి వంటింటి పొగగొట్టం కనిపిస్తుంది. పొగ వస్తోంది. అది చూడలేక గోడవైపు తిరిగి పడుకున్నాను.

మంగళవారం ఉదయం ఫోన్ ఆన్ చేసిన పది నిమిషాలకు అదే గొంతు. "మిగతా పేర్లు ఇవాళ చెబుతానన్నారు కదా."

"ఎవరన్నారు?"

"మీరే. నిన్న మధ్యాహ్నం మూడింటికి."

రాసుకున్నది చదివింది. "పొద్దున నేను అబద్ధమాడాను. గురువారం నీలం గదిలో అమ్మగారితో గంటన్నర కూర్చున్నాను. కిటికీలు మూసి ఉన్నాయి. వెంటనే ఆమెకు పరీక్ష చేయించండి. అంతకుముందు ఆదివారం నాతో భోంచేసినవాళ్ల పేర్లు రేపు చెబుతాను."

ఆవిడ చిన్నగా నవ్వింది. "గ్నేడిగె ఫ్రౌ అన్నారు! మా అమ్మమ్మ పోయాక ఆ మాట ఎవరి నోటా వినలేదు. పొద్దున తడుముకున్నారు, మధ్యాహ్నానికి మీ జర్మన్ భలే బాగుపడింది. గొంతూ యాసా మాత్రం మీవే."

పెద్దింటి ఆడవాళ్లను పూర్వం పనివాళ్లు అలా, అంటే అమ్మగారూ అని, పిలిచేవారట. ఆ మాట ఉందని కూడా నాకు అప్పటిదాకా తెలియదు.

ఏడు పేర్లూ చెప్పాను. "నువ్వసలు మనిషివేనా అన్నా?" అన్నాడు ప్రకాష్. రెండు నెలలు నాతో మాట్లాడలేదు.

జ్వరంలో నేనే చేసి మరిచిపోయానేమోనని మొదట అనుకున్నాను. ఫోన్‌లో చూశాను, నెలాఖరున బిల్లులోనూ చూశాను. ఆ మధ్యాహ్నం నా నంబరు నుంచి ఏ కాలూ వెళ్లలేదు. గదిలో వేరే ఫోను లేదు. ఆఫీసువాళ్లకు నంబరు కనిపించలేదట. నీలం గది సంగతి ప్రకాష్‌కు తెలియదు. నాకు జబ్బని ఫ్రౌ ఫాన్ హార్లిట్స్‌కు సోమవారం సాయంత్రం ఆఫీసువాళ్లు చెప్పేదాకా తెలియదు.

ఆ సాయంత్రమే ఆమెకు పరీక్ష చేశారు. పాజిటివ్. రోజూ ఒక నర్సు వచ్చి వేలికి యంత్రం పెట్టి ఆక్సిజన్ చూసేది. శనివారం ఆమె తాపీగా పేపరు చదువుకుంటుండగా అంకె పడిపోయింది. ఆయాసం కూడా లేదట. అంబులెన్సు గేటు దాటడం నా కిటికీలోంచి చూశాను. ఇంకో పూట ఆలస్యమైతే చేసేదేం ఉండేది కాదని డాక్టరు తరువాత చెప్పారు.

వసంతంలో ఆమె చిక్కి సగమై తిరిగొచ్చారు. ఆవరణలో చెరో బెంచీ మీద కూర్చున్నాం. "మీ ఫోనే నన్ను బతికించింది. మా పుస్తకంలో మీ పేరు రాస్తాను" అన్నారు.

అప్పుడైనా చెప్పాలి. తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు. ఆమె రొట్టెల దుకాణంలో కూడా చెప్పినట్టున్నారు, ఊళ్లో జనం ఆగి పలకరించసాగారు. తొమ్మిది రోజులు ఆ మర్యాదను కాదనకుండా పుచ్చుకున్నాను.

పదోరోజు వెళ్లేసరికి పుస్తకం తెరిచి ఉంది. కలం పట్టుకుని, నా పేరు స్పెల్లింగ్ చెప్పమన్నారు. బిర్యానీ దగ్గర్నుంచి డ్రాయరు దాకా అంతా చెప్పేశాను.

ఆమె కలాన్ని కాగితం మీంచి తీశారు.

"అయితే ఫోన్ చేసింది మీరు కాదు."

"కాదు."

"మరెవరు?"

"తెలియదు."

విషజ్వరం నాటి ఆ నౌకరు ప్రస్తావన తెస్తారనుకున్నాను. తేలేదు. "ఎవరూ చేయకపోయి ఉంటే, సాయంత్రానికైనా మీరు చేసేవారా?"

"చేసేవాణ్ణనే అనుకోవాలని ఉంది."

"నేనడిగింది అది కాదు."

"తెలియదండి."

ఆమె కలానికి మూత పెట్టారు. పేరు రాయలేదు. పుస్తకాన్ని నావైపు జరిపారు. "ఇంకా నలభై పేజీలున్నాయి. గురువారం రండి."

వెళ్లాను. ఆ వేసవిలో పుస్తకం పూర్తయింది. సోమవారం మూడింటికి నా గొంతుతో మాట్లాడింది ఎవరో ఇవాళ్టికీ చెప్పలేను. ఆమె అడిగినదానికీ నా దగ్గర ఇంకా జవాబు లేదు.