రెండో అంతస్తు హిమాలయం

తిరుపతి బస్టాండు దగ్గరి లాడ్జిలో నన్ను రెండో అంతస్తుకు మేస్త్రిని చేసింది మా ఆయన పోయిన మూడో ఏట. మేస్త్రి అంటే గదులు ఊడ్చే ఆడవాళ్ల మీద పెత్తనం, దాంతోపాటు దుప్పట్ల బాధ్యత. యాత్రికులు గది ఖాళీ చేసినప్పుడు దుప్పట్లు, తువ్వాళ్లు విప్పి చూసి, సరిపోయాయని నేను కిందికి కేకేస్తేనే వాళ్ల అడ్వాన్సు తిరిగి ఇస్తారు. ప్రతి దుప్పటి మూలనా నీలిరంగు ముద్ర ఉంటుంది. లాడ్జి పేరు, దాని కింద అంతస్తు. ఎట్లా మడిచినా ఆ ముద్ర పైకి కనబడాలి. దుప్పటి గడప దాటితే మేస్త్రి ఉద్యోగమూ దాటినట్టే. నాకు ముందున్న మేస్త్రి అట్లాగే పోయింది.

నాకు సంతకం వరకే వచ్చు. ఇది కూడా నేను చెబుతుంటే నా కూతురు లావణ్య రాస్తోంది. అది మూడో తరగతిలో ఉన్నప్పుడు బడివాళ్లు ఫోనులో పంపే సంగతులు మేనేజరు కరీం భాయ్ చదివి చెప్పేవాడు. బడివాళ్లకు ఏది కావాలన్నా రేపటికే కావాలి. ఒకసారి బతికున్న గొంగళిపురుగును రేపటికి తెమ్మన్నారు. ఆ సాయంత్రం ఫోను చూసి కరీం భాయ్ ముందే నవ్వాడు.

"రెడ్డెమ్మక్కా, రేపు బడిలో ఫంక్షనంట. మన లావణ్య హిమాలయమంట. తల నుంచి కాళ్ల దాకా తెల్లగుడ్డ కావాలంట."

"ఈడ ఏడు కొండలు పెట్టుకొని ఆ కొండ దేనికి భాయ్ వీళ్లకి?"

"నన్నడిగితే ఎట్లక్కా? ఒక దుప్పటి తీసకపో. రేపు సాయంత్రానికి లెక్కలో ఉండాల. ఓనరుకు నేను చెప్తాలే."

మరునాడు గదుల పని నా కింద ఊడ్చే సరోజకు అప్పజెప్పి బడికి పరిగెత్తాను. బిడ్డకు దుప్పటి చుట్టి పిన్నులు పెట్టాను. "మరక పడిందంటే తోలు తీస్తా. యాడా కూర్చోవద్దు" అని చెప్పి వెనక వరసలో కూర్చున్నాను. అప్పుడు చూశాను. వేదిక మీద ముఖ్య అతిథి కుర్చీలో, మెడలో దండతో మా ఓనరు.

ఓనరుకు చెప్పినావా అని అడుగుదామని కరీం భాయ్‌కి ఫోను చేశాను. ఆయన చుట్టాల పెళ్లికని వాణియంబాడి బస్సెక్కాడు. ఫోను కలవలేదు.

తెర లేచింది. అటూ ఇటూ నీలం గౌన్లలో గంగ, యమున. మధ్యలో నా హిమాలయం. దాని గుండెల మీద నీలిముద్ర! ముద్ర వెనక్కి పెట్టి దుప్పటి పట్టడం నా చేతులకు రాదు మరి. లాడ్జి పేరు, రెండో అంతస్తు, అన్నీ ముందు వరసలకు చక్కగా కనబడుతున్నాయి. నవ్వులు మొదలయ్యాయి. ఓనరు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

ముందున్న మేస్త్రి నా కళ్లలో మెదిలింది. లేచి నిలబడి అరిచాను.

"సార్, నేను దొంగతనంగా తేలేదు! మేనేజర్ని అడిగే తెచ్చినాను! సాయంత్రానికి లెక్కలో ఉంటాది!"

ఓనరు మైకు అందుకున్నాడు. "అది సరే రెడ్డెమ్మా. నువ్వు ఈడుంటే ఆడ గదులెవురు చూస్తాండారు?"

నేను నోరు తెరిచేలోపల హిమాలయం మాట్లాడింది. కదలకూడదు, మాట్లాడకూడదు అని టీచరు దానికి మరీ మరీ చెప్పి ఉంది.

"సరోజక్క చూస్తాంది సార్. దుప్పటికి మరక పడలేదు, చూస్కోండి. పొద్దన్నుంచి నేను కూర్చోనే లేదు."

అంటూ రెండు చేతులతో దుప్పటి చాపి, గిర్రున ఒక చుట్టు తిరిగి చూపించింది. గంగా యమునా నవ్వలేక కూలబడ్డాయి.

ఓనరు దుప్పటిని పైనుంచి కిందికి చూశాడు. "సరిపోయింది. పాపకు అడ్వాన్సు తిరిగిచ్చేయండప్పా" అన్నాడు.

ఉద్యోగం నిలిచింది. చినిగి పక్కన పెట్టిన దుప్పటి ఒకటి, ముద్ర ఉన్న మూల కత్తిరించి, పనివాళ్ల పిల్లల బడి అవసరాలకని స్టోరు గదిలో మేకుకు తగిలించమని మరుసటి వారం ఓనరే చెప్పాడు. నా మోకాళ్లు అరిగి పని మానే నాటికి అది డాక్టరు కోటూ, హంసా, దయ్యమూ అయింది.

నాకు తెలిసివచ్చింది ఇంతే. నోటిమాటగా ఇచ్చిన అనుమతి, ఇచ్చినవాడు ఊళ్లో ఉన్నంతవరకే పనిచేస్తుంది. బిడ్డ బడిలో ఉన్నన్నాళ్లూ ఇంట్లో ముద్ర లేని తెల్లగుడ్డ ఒకటి ఉతికి పెట్టుకోవాలి.