మూడిళ్ల ఊరు

మా పై ఫ్లోర్ ఆంటీ పోయిన మంగళవారం చనిపోయారు. ఆఫీస్ పార్కింగ్‌లో కారు ఆపుతుంటే అమ్మ ఫోన్ చేసి చెప్పింది. లోపలికి వెళ్లలేక కార్‌లోనే కూర్చుని ఏడ్చాను.

అమెరికాలో మేముండే పార్సిప్పనీ అపార్ట్‌మెంట్‌లో నా చిన్నతనం సగం ఆవిడ సోఫా మీదే గడిచింది. అమ్మానాన్నలు ఆఫీస్ నుంచి వచ్చేదాకా నన్ను ఆవిడే చూసుకునేవారు. స్కూల్ బస్ దిగగానే ఉప్మా, తర్వాత పుస్తకం. పుస్తకమంటే ఒక్కటే, పాతదైపోయిందని లైబ్రరీ వాళ్లు తీసేస్తే ఆవిడ తెచ్చుకున్న స్వీడన్ పిల్లల కథ. అడవి పక్కన మూడిళ్లు, గొర్రెలు, గడ్డి, మోకాలి లోతు మంచు. ఇంగ్లిష్ పేజీ చూస్తూ తెలుగులో చదివేవారు. నాకొచ్చిన తెలుగులో సగం ఆ స్వీడన్ పిల్లలదే.

అదంతా ఆంటీ సొంత ఊరే అనుకున్నాను. మూడో తరగతిలో ఇండియా గురించి రాయమంటే, ఆంధ్రాలో మా ఆంటీ మంచులో నడిచి స్కూల్‌కి వెళ్లేదని రాసిపడేశాను. అమ్మ పడీపడీ నవ్వింది. ఆంటీ మాత్రం నవ్వలేదు. ఆ కాగితం అడిగి తీసుకుని ఫ్రిజ్‌కి అంటించుకున్నారు.

"మరి మీదే ఊరు ఆంటీ?" అన్నాను.

"నాకు ఊరెక్కడుందే? మా నాన్నది బ్యాంక్ ఉద్యోగం. ఫ్రెండ్స్ కుదిరేలోపే ట్రాన్స్‌ఫర్ అయ్యేది."

మనవాళ్లు నలుగురు చేరితే ముందు అడిగేది ఊరే కదా. తలో వంటకం తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లో ఎవరైనా "మీదే ఊరండీ?" అనగానే ఆవిడ పులిహోర గిన్నె సర్దడానికి వెళ్లిపోయేవారు. ఎందుకో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఉద్యోగం వచ్చాక స్వీడన్ తీసుకెళ్తానని మాటిచ్చాను. "స్వెట్టర్ కొనేశా. ఇంక నీ ఇష్టం" అన్నారు. ఒక ఏడాది ప్రాజెక్ట్ అడ్డొచ్చింది, ఇంకో ఏడాది నా పెళ్లి. ఆ తర్వాత ఆవిడకి కీమో మొదలైంది. హాస్పిటల్‌లో సారీ చెప్పబోతే చెయ్యి అడ్డంపెట్టారు.

"అవన్నీ వద్దు. కథ చెప్పు."

పుస్తకం లేకుండానే చెప్పాను. ఆవిడ కళ్లు మూసుకునే తప్పులు దిద్దారు. "ముందు గొర్రెపిల్ల, తర్వాతే మంచు. ఎన్నిసార్లు చదివానే నీకు!"

నిన్న అంకుల్ ఆ పుస్తకం నా చేతిలో పెట్టారు. చిన్నప్పుడు నా చేతులకి ఎప్పుడూ జామ్ ఉంటుందని ఆంటీ దాన్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. అట్ట తీయగానే మూడిళ్ల బొమ్మ. పుస్తకాల్లో గీస్తే చెయ్యి విరగ్గొడతానని నన్ను బెదిరించిన మనిషే, మధ్య ఇంటి మీద పెన్సిల్‌తో సన్నగా రాసుకున్నారు: "మాది."

పక్కింటి మీద నా పేరు ఉంది.