మేనత్త పంపిన ఉలవలు

మొన్న పేపర్లో రెండు విశ్వవిద్యాలయాలు కలిసి టీకాల మీద, విరుగుడు మందుల మీద పరిశోధన చేసేందుకు నిధులు వచ్చాయని చదివాను. తొంభై దాటిన కళ్ళతో ఆ నాలుగు వాక్యాలు చదవడానికి అరగంట పట్టింది. ఉదయగిరిలో మా మేనత్త ఇంటికి చేరడానికి మాత్రం క్షణం పట్టలేదు.

పందొమ్మిది వందల యాభైల్లో నేను ఆత్మకూరులో కొత్తగా టీచరుగా చేరాను. అంతకు ముందు ఏడాదే అత్త భర్త, మా మామయ్య, చేలో రక్తపింజరి పాము కరిచి పోయాడు. ఆస్పత్రిలో దానికి మందు లేదు. ఆ దుఃఖంలో ఉండగానే మద్రాసు నుంచి ఇద్దరు ప్రొఫెసర్లు పాముల కోసం ఉదయగిరికి వచ్చారు. ఒకాయన మనుషుల డాక్టరు, ఇంకొకాయన పశువుల డాక్టరు, ఇద్దరివీ వేరువేరు కాలేజీలు. మా వైపు పింజర్ల విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలోంచి విరుగుడు తీస్తారట. ఊరి యానాది పెద్దాయన వాళ్ళకు పాములు పట్టి ఇచ్చేవాడు. పని సగంలో ఉండగా గుర్రాలను మేపడానికి రెండు కాలేజీల దగ్గరా డబ్బు అయిపోయింది. ఆపేస్తున్నామని చెప్పిపోవడానికి అత్త ఇంటికి వచ్చారు.

తలుపు వారగా నిలబడి వింటున్న అత్త ముందుకొచ్చింది. "గుర్రం ఏం తింటాది సామీ?"

"ఉలవలమ్మా," అన్నాడు పశువుల డాక్టరు.

"మా మెట్టలో పండేదే ఉలవలు. పని ఆపబాకండి."

వారం తిరక్కుండా బండి కట్టించింది. భర్త పోయిన మనిషి ఇల్లిల్లూ తిరగడమేమిటని బంధువులు గొణుగుతుంటే, వరికుంటపాడు నుంచి ఆత్మకూరు దాకా తిరిగింది. చర్చి ఆడవాళ్ళూ, సాయిబుల వీధి అవ్వలూ చేటలతో తెచ్చి పోశారు. ఒక పెద్దరైతు మాత్రం "గుర్రాలను మేపితే నా ఇంటికేం వస్తాది?" అన్నాడు. "మా ఇంటికొచ్చింది నీ ఇంటికి రాకూడదనే గదరా అడిగేది!" అంది అత్త. రెండు బస్తాలు ఇచ్చాడు. మద్రాసుకు ఆమె చెప్పే ఉత్తరాల్లో తిట్లు తీసేసి, మిగిలింది నేను ఇంగ్లీషులో రాసేదాన్ని.

రెండేళ్ళు లారీల మీద ఉలవలు వెళ్ళాయి. ఆ తర్వాత ఉదయగిరి ఆస్పత్రికి మందు సీసాలు వచ్చాయి. వచ్చిన నెలలోనే, వేరుశనగ పీకుతున్న యానాది పెద్దాయన భార్యను పింజరి కరిచింది. మంచం మీద మోసుకొచ్చేసరికి చిగుళ్ళ నుంచి రక్తం కారుతోంది. డాక్టరు మందు ఎక్కించాడు. పెద్దాయన గోడకానుకుని నేల చూస్తూ కూర్చున్నాడు. అత్తా నేనూ మంచం పక్కన నిలబడ్డాం. మధ్యాహ్నానికి రక్తం ఆగింది. ఆమె కళ్ళు తెరిచి, "ఆకలయితా ఉండాది," అంది.

మామయ్య పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవని అత్త అప్పుడు బావురుమంది. కళ్ళు తుడుచుకోకుండానే వరండాలోకి పరుగెత్తి, "మన ఉలవలు గెలిచినాయిరా!" అని అరిచింది. ఆస్పత్రి ముందు చేరిన జనం ఈలలు వేశారు. పెద్దాయన అత్త రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు.

వయసు మళ్ళేకొద్దీ ఏళ్ళు పరుగెడతాయంటారు. నిజమే, చాలా ఏళ్ళు నాకు తెలియకుండానే వెళ్ళిపోయాయి. ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం ఇంకా గడవలేదు.